ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దించాలన్నారా? ఒప్పుకునే ముందు ఈ పాఠం చదవండి

ఫోన్‌లో చార్జింగ్ పోర్టు పాడైతే ఆ పార్టు ఖరీదు పెద్దగా ఉండదు. కానీ దాని దాకా వెళ్లాలంటే వెనక గ్లాస్ వేడి చేసి ఊడదీయాలి, స్క్రూలు విప్పాలి, బ్యాటరీ కనెక్టర్ తీయాలి. మళ్లీ అన్నీ బిగించి కొత్త గమ్ వేయాలి. మనం కట్టే బిల్లులో ఎక్కువ భాగం పోర్టుకి కాదు, ఆ దారికే. కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కథ కూడా ఇదే. కాకపోతే ఇక్కడ దించాల్సిన వస్తువు బరువు సుమారు 80 కిలోలు, దారిలో స్టీరింగ్, ముందు చక్రాల షాఫ్టులు, ఇంజన్ మౌంట్లు అన్నీ అడ్డు వస్తాయి.

అందుకే "గేర్‌బాక్స్ దించాలి సార్" అన్న మాట వినగానే చాలామంది కంగారు పడతారు. ఏం అడగాలో తెలియదు, ఏది అవసరమో ఏది కాదో తెలియదు. ఈ ఆర్టికల్‌లో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: దించడం అనేది మళ్లీ మళ్లీ చేయించే పని కాదు. కాబట్టి దించకముందు జబ్బు ఏంటో తేల్చుకోవాలి, దించినప్పుడు అందే చిన్న పార్టులన్నీ మార్చేయాలి, ఎక్కించేటప్పుడు ఒక్క కొలత మాత్రం తప్పకూడదు. ఈ మూడూ ఎందుకో వివరంగా చూద్దాం.

ఇది చదివి ఇంటి ముందు జాకీ పెట్టి మొదలుపెట్టమని నేను చెప్పడం లేదు. ఈ పనికి రెండు స్తంభాల లిఫ్టు, ట్రాన్స్‌మిషన్ జాకీ, ఇద్దరు మనుషులు కావాలి. పని ఎలా జరుగుతుందో తెలిస్తే వర్క్‌షాప్‌లో సరైన ప్రశ్న అడగగలరు. మనకి కావాల్సింది అదే.

ముందు మీ కారులో ఉన్నది ఏ ఆటోమేటిక్?

మన దగ్గర "ఆటోమేటిక్" అనే పేరుతో నాలుగు రకాలు తిరుగుతున్నాయి. 2014లో మారుతి సెలెరియోతో బాగా పాపులర్ అయిన ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు యాక్చుయేటర్లు చేస్తాయి. సీవీటీలో గేర్లకు బదులు రెండు పుల్లీలు, వాటి మధ్య బెల్టు ఉంటాయి. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. నాలుగోది అసలైన పాత కాపు, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లతో జనరల్ మోటర్స్ హైడ్రామాటిక్ పేరుతో ఫ్లూయిడ్ కప్లింగ్ ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని పెద్ద ఎత్తున అమ్మింది. ఇప్పటి టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సులు ఆ దారిలో వచ్చినవే.

ఈ పాఠం టార్క్ కన్వర్టర్ రకం గురించి. ఉదాహరణకి జనరల్ మోటర్స్ 6టీ40 కుటుంబాన్ని తీసుకుంటున్నాను. షెవ్రొలే క్రూజ్‌లో వచ్చిన 6-స్పీడ్ ఆటోమేటిక్ ఈ కుటుంబంలోదే. దీన్నే ఎంచుకోవడానికి కారణం, దీని లోపలి లాజిక్ చాలా క్లియర్‌గా ఉంటుంది, దీనికి వచ్చే ఒక జబ్బు కూడా పాఠానికి సరిగ్గా సరిపోతుంది. పైగా 2017 చివర్లో షెవ్రొలే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది కాబట్టి ఆ కార్లు వాడుతున్నవాళ్లకి ఏ పార్టు కావాలో ముందే తెలియడం ఇంకా ముఖ్యం.

దించకముందు: ఇది డీబగ్గింగే

6టీ40లో ఐదు క్లచ్‌లు ఉంటాయి. వాటి పేర్లే వాటి పని చెప్పేస్తాయి: 1-2-3-4 క్లచ్, 3-5-రివర్స్ క్లచ్, 4-5-6 క్లచ్, 2-6 క్లచ్, లో-రివర్స్ క్లచ్. ఏ గేరులోనైనా ఒకేసారి రెండు పట్టుకోవాలి. లెక్క ఇలా ఉంటుంది:

- 1వ గేరు: 1-2-3-4 క్లచ్, దానితో లో-రివర్స్ లేదా వన్-వే క్లచ్
- 2వ గేరు: 1-2-3-4, 2-6
- 3వ గేరు: 1-2-3-4, 3-5-రివర్స్
- 4వ గేరు: 1-2-3-4, 4-5-6
- 5వ గేరు: 4-5-6, 3-5-రివర్స్
- 6వ గేరు: 4-5-6, 2-6
- రివర్స్: లో-రివర్స్, 3-5-రివర్స్

ఇప్పుడు ఒక కారు 1, 2, 4, 6 గేర్లలో బాగానే నడుస్తోంది, కానీ 3లోకి రాగానే ఇంజన్ ఊరికే అరుస్తోంది, రివర్స్ అసలు పడటం లేదు అనుకోండి. పై లిస్టు చూసి మీరే చెప్పండి, దోషి ఎవరు? 3, 5, రివర్స్ మూడింటిలోనూ కామన్‌గా ఉన్నది ఒక్క క్లచ్చే. గేర్‌బాక్స్ మీద ఒక్క బోల్టు కూడా విప్పకుండా తప్పు ఎక్కడుందో అక్కడిదాకా వచ్చేశాం.

దీన్ని స్కానర్‌తో ఖాయం చేసుకోవచ్చు. గేర్‌బాక్స్‌లో లోపలికి వచ్చే వేగానికి ఒక సెన్సర్, బయటికి వెళ్లే వేగానికి ఇంకో సెన్సర్ ఉంటాయి. 6టీ40లో 3వ గేరు రేషియో 1.91. అంటే బయటి షాఫ్ట్ నిమిషానికి 1000 సార్లు తిరుగుతుంటే లోపలి షాఫ్ట్ సుమారు 1910 సార్లు తిరగాలి. కంప్యూటర్ 3వ గేరు వేశానంటోంది, కానీ లోపలి వేగం 2600 చూపిస్తోందంటే క్లచ్ జారుతున్నట్టే. మార్కెట్లో తక్కువ ధరకి దొరికే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్స్ చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. గేర్‌బాక్స్ లైవ్ డేటా కావాలంటే ఆ కంపెనీ కారుని పూర్తిగా సపోర్ట్ చేసే స్కానర్ ఉండాలి. డాంగిల్‌లో పీ0700 అని కోడ్ వస్తే దానర్థం "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి చూడు" అని మాత్రమే. అది జబ్బు పేరు కాదు.

కోడ్‌ని గుడ్డిగా నమ్మకూడదు అనడానికి కూడా ఈ గేర్‌బాక్సే మంచి ఉదాహరణ. 3-5-రివర్స్ క్లచ్ పోయినప్పుడు పీ0776 అనే కోడ్ రావచ్చు. దాని వివరణలో "ప్రెషర్ కంట్రోల్ సోలెనాయిడ్ 2" అని రాసుంటుంది. చదివినవాళ్లు సోలెనాయిడ్ మార్చేస్తారు, కారు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే కంప్యూటర్‌కి లోపల ఏ ప్లేటు విరిగిందో కనిపించదు. "నేను ప్రెషర్ పంపాను, గేరు పడలేదు" అన్నంత వరకే దానికి తెలుసు.

మూడో ఆధారం ఆయిల్. ఏటీఎఫ్ కొంచెం తీసి తెల్ల కాగితం మీద వేసి చూడాలి. ఎర్రగా పలచగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్ ప్లేట్ల పైపూత కాలింది. మెరిసే ఇనుప రేకులు కనిపిస్తే లోపల ఏదో విరిగింది. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లు పడి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది. అప్పుడు గేర్‌బాక్స్ ఒక్కటే బాగుచేస్తే సరిపోదు.

నాలుగోది, దించకుండానే చేయగల పనులు ముందు అయిపోయాయా అన్నది. ఈ గేర్‌బాక్స్‌లో కంప్యూటర్, సోలెనాయిడ్లు ఒకే మాడ్యూల్‌గా పక్క కవర్ వెనక ఉంటాయి. వాల్వ్ బాడీ కూడా అక్కడే. గేర్‌బాక్స్‌ని పూర్తిగా కిందికి దించకుండానే ఆ కవర్ తీయొచ్చు. జబ్బు అక్కడుంటే దించే ఖర్చు మొత్తం మిగిలిపోతుంది.

దించడం: వరుస ఎందుకు ముఖ్యం

ఇన్ని ఆధారాలూ లోపలి క్లచ్ వైపే చూపిస్తే ఇక దించాల్సిందే. ముందు చక్రాలకి పవర్ వెళ్లే కార్లలో ఇంజన్, గేర్‌బాక్స్ పక్కపక్కన అడ్డంగా ఉంటాయి. పని వరుస దాదాపు ఇలా ఉంటుంది.

మొదట బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీస్తారు. స్టార్టర్ మోటర్‌కి వెళ్లే కేబుల్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి ఇది ఫార్మాలిటీ కాదు. తర్వాత బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా బయటికొస్తాయి. అప్పుడు గేర్‌బాక్స్ పైభాగం కనిపిస్తుంది. కనెక్టర్లు, గేరు లివర్ కేబుల్, కూలర్ పైపులు విప్పుతారు. పైపుల మూతులు వెంటనే మూసేయాలి. దుమ్ము ఒక్క రేణువు వెళ్లినా వాల్వ్ బాడీలో ఇరుక్కోవచ్చు.

తర్వాత ఇంజన్‌ని పైనుంచి అడ్డ బారుకి గొలుసుతో వేలాడదీస్తారు. ఎందుకంటే గేర్‌బాక్స్ మౌంటే ఇంజన్‌ని మోసే కాళ్లలో ఒకటి. ఆ కాలు తీసేస్తే ఇంజన్ ఒరిగిపోతుంది. ఈ స్టెప్ తర్వాతే కారుని లిఫ్టు మీద పైకి లేపాలి.

కింద ఏటీఎఫ్ దింపేసి, చక్రాలు, బాల్ జాయింట్లు విప్పి డ్రైవ్ షాఫ్టులు బయటికి తీస్తారు. షాఫ్ట్‌ని బయటి కొస పట్టుకుని గుంజితే లోపలి జాయింట్ విడిపోతుంది. గేర్‌బాక్స్ పక్కనుంచి పట్టు పెట్టి లేపాలి.

ఇప్పుడు సబ్‌ఫ్రేమ్. స్టీరింగ్ ర్యాక్ దాని మీదే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ షాఫ్ట్ బోల్టు విప్పాలి. ఆ ముందే స్టీరింగ్ వీల్‌ని నేరుగా పెట్టి కదలకుండా కట్టేయాలి. ర్యాక్ నుంచి విడిపోయిన వీల్‌ని ఎవరైనా ఊరికే తిప్పితే లోపల ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు తీసుకెళ్లే చుట్టల రిబ్బన్ తెగిపోతుంది. సబ్‌ఫ్రేమ్ బాడీకి ఎక్కడ ఆనుకుందో దించేముందు గీత గీసుకోవాలి. లేకపోతే తిరిగి బిగించాక కారు పక్కకి లాగుతుంది.

స్టార్టర్ మోటర్ తీసేస్తే ఒక చిన్న కిటికీ దొరుకుతుంది. అందులోంచి చూస్తే ఇంజన్ వెనక ఉండే ఫ్లెక్స్ ప్లేట్‌కి టార్క్ కన్వర్టర్‌ని బిగించిన బోల్టులు ఒక్కొక్కటే కనిపిస్తాయి. ఒకటి విప్పాక ఇంజన్‌ని ముందు పుల్లీ బోల్టు దగ్గర సాకెట్ పెట్టి చేత్తో తిప్పాలి. అప్పుడు రెండోది కిటికీ ముందుకు వస్తుంది. ఇవన్నీ విప్పడం మర్చిపోయి గేర్‌బాక్స్‌ని లాగితే కన్వర్టర్ ఇంజన్‌కే ఉండిపోతుంది, సీల్ చిరిగిపోతుంది, లీటర్ల కొద్దీ ఆయిల్ నేలపాలవుతుంది.

చివరికి ట్రాన్స్‌మిషన్ జాకీ మీద గేర్‌బాక్స్‌ని గొలుసుతో కట్టి బెల్ హౌసింగ్ బోల్టులు తీస్తారు. ఈ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. నేను చూసిన ఒక మెకానిక్ అట్టముక్క మీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, ఏ రంధ్రంలో బోల్టుని ఆ చోటే గుచ్చి పెట్టుకున్నాడు. ఫోన్ రిపేర్ చేసేవాళ్లు మ్యాగ్నెటిక్ మ్యాట్ మీద స్క్రూలు పెట్టుకోవడం లాంటిదే. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలోకి వెళ్తే అల్యూమినియం కేసు పగులుతుంది. గేర్‌బాక్స్ విడిపోయాక కన్వర్టర్ జారి పడకుండా ఒక పట్టీతో కట్టి, అప్పుడు కిందికి దించాలి.

లోపల ఏం దొరుకుతుంది

మన ఉదాహరణలో 3-5-రివర్స్ క్లచ్ విప్పితే అందులో వేవ్ ప్లేట్ అనే స్టీలు రింగు ఉంటుంది. పేరుకి తగ్గట్టే అలల్లా వంపులు తిరిగి ఉంటుంది. క్లచ్ పట్టుకునేటప్పుడు కుదుపు తెలియకుండా స్ప్రింగులా నలిగి సర్దుకోవడం దాని పని. గేరు పడిన ప్రతిసారీ అది వంగి లేస్తుంది. అలా వంగీ వంగీ ఒకరోజు పగులుతుంది. ఈ కుటుంబం తొలి గేర్‌బాక్సుల్లో ఇది రిపేర్ చేసేవాళ్లందరికీ తెలిసిన జబ్బు. తర్వాత ఆ ప్లేట్ డిజైన్ మార్చారు.

చిన్న రింగే కదా అనిపిస్తుంది. కానీ విరిగిన ముక్కలు పక్కనున్న క్లచ్ డ్రమ్‌ని గీరేస్తాయి, పొడి ఆయిల్‌తో కలిసి ప్రయాణిస్తుంది. అదే ఆయిల్ పంపులోకి, వాల్వ్ బాడీలోకి, టార్క్ కన్వర్టర్‌లోకి, రేడియేటర్ కూలర్‌లోకి వెళ్తుంది. కాబట్టి రింగు మార్చి మూసేస్తే పని సగమే అయినట్టు. కూలర్‌లో మిగిలిన ఇనుప పొడి కొత్త ఆయిల్‌తో పాటు నేరుగా కొత్త పార్టుల్లోకి వస్తుంది. కూలర్‌ని ఫ్లష్ చేయాలి, సరిగ్గా శుభ్రం కాకపోతే మార్చాలి. కన్వర్టర్ వెల్డింగ్‌తో మూసిన డబ్బా, మామూలు షెడ్డులో విప్పి కడగడం కుదరదు. ఇనుప పొడి వెళ్లి ఉంటే రీబిల్డ్ చేసినదో కొత్తదో వేయించాలి.

దించినప్పుడే మార్చాల్సిన చిన్న పార్టులు

బిల్లు తగ్గించుకోవాలని చాలామంది తప్పించే లైన్లు ఇవే. నేనైతే వీటి దగ్గర మాత్రం పిసినారితనం చేయను.

- ఇంజన్ వెనక ఆయిల్ సీల్: ఇప్పుడు కళ్ల ముందే ఉంది. ఆరు నెలల తర్వాత లీకైతే మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే.
- గేర్‌బాక్స్ ముందు పంప్ సీల్, రెండు పక్కల డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు.
- ఏటీఎఫ్ ఫిల్టర్: 6టీ40లో ఇది కేసు లోపల ఉంటుంది. మామూలు సర్వీసులో అందదు. ఇప్పుడు తప్పితే ఇంకెప్పుడూ మార్చలేరు.
- ఫ్లెక్స్ ప్లేట్: బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో లైటు వేసి చూడాలి.
- గేర్‌బాక్స్ మౌంట్: రబ్బరు చీలిపోయి ఉంటే ఇదే సమయం.

ఎక్కించేటప్పుడు: ఒక్క కొలత

మొత్తం పనిలో నన్ను బాగా ఆలోచింపజేసిన స్టెప్ ఇదే. టార్క్ కన్వర్టర్‌ని గేర్‌బాక్స్‌లోకి పెట్టేటప్పుడు అది మూడు చోట్ల ఒకదాని తర్వాత ఒకటి కూర్చోవాలి: లోపలి టర్బైన్ షాఫ్ట్ పళ్లలో, స్టేటర్ షాఫ్ట్ పళ్లలో, చివరికి ఆయిల్ పంపుని తిప్పే చోట. కన్వర్టర్‌ని మెల్లగా తిప్పుతూ నెడుతుంటే టక్ టక్‌మని ఒక్కో మెట్టు దిగుతుంది. రెండు మెట్లు దిగి మూడోది దిగకపోయినా పైనుంచి చూస్తే సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది.

అక్కడే ప్రమాదం. ఆ స్థితిలో గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి ఆనిస్తే చివర్లో చిన్న సందు మిగులుతుంది. "బోల్టులు బిగిస్తే అదే దగ్గరికొస్తుంది" అని ఎయిర్ గన్‌తో లాగేస్తే కన్వర్టర్ వెళ్లి పంపుని నొక్కుతుంది. పంపు గేరు పగులుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే ప్రెషర్ పోతుంది. ఖరీదైన పార్టులన్నీ కొత్తవి వేసిన గేర్‌బాక్స్ మళ్లీ నేల మీదికి వస్తుంది.

తప్పించుకునే ఉపాయానికి ఖర్చేమీ లేదు. బెల్ హౌసింగ్ అంచు మీద నిటారు స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కన్వర్టర్ బోల్టు రంధ్రాల దాకా లోతు కొలవాలి. ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో సరిపోవాలి. దించేటప్పుడే ఈ లోతు కొలిచి రాసుకుంటే ఇంకా మంచిది. అదే కన్వర్టర్ తిరిగి వేస్తే అదే అంకె రావాలి. తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్ రెండు అంచులూ చేత్తో నెట్టినా పూర్తిగా కలవాలి. కలిశాక కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి, ఫ్లెక్స్ ప్లేట్‌కి దానికి మధ్య కొద్దిగా ఖాళీ ఉండాలి. ఇవి సరిపోయాకే బోల్టులకి టార్క్ రెంచ్ పెట్టాలి.

ఆయిల్, తర్వాత సాఫ్ట్‌వేర్

ఈ గేర్‌బాక్స్‌కి డెక్స్‌రాన్-6 ఆయిల్ కావాలి. క్రూజ్‌లో డిప్‌స్టిక్ ఉండదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, కారు సమతలంగా ఉన్నప్పుడు, ఆయిల్ 85 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడెక్కాక లెవెల్ ప్లగ్ తీసి చూడాలి. ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు చూసిన లెవెల్‌కి విలువ లేదు. ఆ టెంపరేచర్ స్కానర్‌లోనే కనిపిస్తుంది.

చివరి స్టెప్ మన రీడర్లకి బాగా అర్థమవుతుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇన్నేళ్లుగా అరిగిన క్లచ్‌లకి తగ్గట్టు ప్రెషర్ లెక్కలు నేర్చుకుని దాచుకుంది. ఇప్పుడు క్లచ్‌లు కొత్తవి. పాత లెక్కలతోనే నడిపితే గేర్లు కుదుపుతో పడతాయి. స్కానర్‌తో పాత అడాప్టివ్ విలువలు చెరిపి, కొత్తగా నేర్పించే ప్రొసీజర్ నడపాలి. కంట్రోల్ మాడ్యూల్ మార్చి ఉంటే మీ కారు సాఫ్ట్‌వేర్ అందులోకి ఎక్కించాలి. వేరే కారు నుంచి తీసిన మాడ్యూల్ అలాగే పెడితే పనిచేస్తుందని అనుకోవద్దు. సబ్‌ఫ్రేమ్ దించారు కాబట్టి వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాలి.

వర్క్‌షాప్‌లో ఈ ప్రశ్నలు అడగండి

ఒప్పుకునే ముందు ఈ లిస్టు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

1. ఏ గేర్లు పోయాయి? ఏ క్లచ్ అని అనుకుంటున్నారు, ఎందుకు?
2. స్కానర్‌లో గేరు రేషియో డేటా చూశారా? స్క్రీన్‌షాట్ ఇస్తారా?
3. వాల్వ్ బాడీ, సోలెనాయిడ్లు దించకుండా చెక్ చేశారా?
4. కూలర్ ఫ్లష్, కన్వర్టర్ ఎస్టిమేట్‌లో ఉన్నాయా?
5. ఇంజన్ వెనక సీల్, పంప్ సీల్, ఫిల్టర్ లిస్టులో ఉన్నాయా?
6. ఎక్కించేటప్పుడు కన్వర్టర్ లోతు కొలుస్తారా? ఫోటో తీసి పెడతారా?
7. అడాప్టివ్ రీసెట్ ఎవరు చేస్తారు? దానికి స్కానర్ మీ దగ్గరే ఉందా?
8. సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ వేస్తామంటే, అది విప్పి చూసినదా, అలాగే పెడతారా? వారంటీలో మళ్లీ దించే లేబర్ కలిసి ఉందా?

ఎనిమిదో ప్రశ్నలో చివరి ముక్క జాగ్రత్తగా అడగండి. "పార్టుకి వారంటీ ఉంది సార్" అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ మళ్లీ దించి ఎక్కించే లేబర్ మీరే కట్టాలంటే ఆ వారంటీ సగమే. అది కాగితం మీద రాయించుకున్నాకే తాళాలు ఇవ్వండి.